వార్తల్లో పదం: పీజీ_మానిటర్

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఏ క్వెరీ ఎంతసేపటి నుంచి నడుస్తోందో, దేనికోసం ఆగి ఉందో ‘పీజీ_స్టాట్_యాక్టివిటీ’ అనే వ్యూ చెబుతుంది. మామూలు యూజర్ తెరిస్తే మాత్రం అందులో తన క్వెరీలే పూర్తిగా కనిపిస్తాయి. ఇతరుల వరుసల్లో యూజర్ పేరు, ప్రాసెస్ నంబరు ఉంటాయి గానీ, క్వెరీ ఉండాల్సిన చోట ‘ఇన్‌సఫిషియెంట్ ప్రివిలేజ్’ అని వస్తుంది.

ఒకప్పుడు ఈ ఇబ్బంది దాటడానికి చాలామంది మానిటరింగ్ టూల్‌కు ఏకంగా సూపర్‌యూజర్ హోదా కట్టబెట్టేవారు. మీటరు రీడింగ్‌కు వచ్చినవాడికి ఇంటి తాళాలగుత్తి అప్పగించినట్టే! 2017 అక్టోబరులో విడుదలైన 10వ వెర్షన్ ఆ అవస్థ తప్పించింది. అందులో సిద్ధంగా ఇచ్చిన రోలే పీజీ_మానిటర్. ‘గ్రాంట్ పీజీ_మానిటర్ టు’ అని యూజర్ పేరు రాస్తే చాలు. ఇందులో మూడు రోల్స్ కలిసి ఉన్నాయి: సెట్టింగులన్నీ చదవడానికొకటి, గణాంకాలన్నీ చూడటానికొకటి, టేబుళ్లను స్కాన్ చేసే ఫంక్షన్లు నడపడానికొకటి. చివరిది టేబుల్‌పై చాలాసేపు లాక్ పట్టుకుని ఉండే అవకాశముంది. అందుకే గణాంకాలు మాత్రమే కావాలంటే వాటిలో రెండోదైన పీజీ_రీడ్_ఆల్_స్టాట్స్ ఒక్కటే ఇవ్వడం మేలు.

పీజీ_మానిటర్ ఉన్నంత మాత్రాన టేబుళ్లలోని డేటా చదవలేరు. ఇతరుల క్వెరీని ఆపనూ లేరు. దానికి పీజీ_సిగ్నల్_బ్యాకెండ్ అనే రోల్ వేరే ఉంది. అలాగని పీజీ_మానిటర్ ఎవరికి పడితే వారికి ఇచ్చేది కాదు. క్వెరీలోనే కస్టమర్ ఫోన్ నంబరో, పాస్‌వర్డో రాసి ఉంటే అదీ కళ్లబడుతుంది. ఎవరెవరికి ఇచ్చారో అప్పుడప్పుడూ చూసుకోండి, అక్కర్లేని చోట రివోక్ చేయండి.