తుపాకీ ఉన్నోడికే ఓపిక ఎక్కువ కావాలి

పదిహేను సెకన్లు. ఒక రీల్ చూసి పైకి తోసేసేంత టైం. అంత టైంలోనే ఒక కుర్రాడు ఒక మాల్‌ని కాపాడాడు.

2022 జులై 17. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, గ్రీన్‌వుడ్ పార్క్ మాల్ ఫుడ్ కోర్టు. ఒకడు రైఫిల్ తీసుకుని కాల్పులు మొదలుపెట్టాడు. ముగ్గురు చనిపోయారు. గర్ల్‌ఫ్రెండ్‌తో కలిసి షాపింగ్‌కి వచ్చిన 22 ఏళ్ల ఎలైజా డికెన్ దగ్గర పిస్టల్ ఉంది. అక్కడి చట్టం ప్రకారం అది అతను పెట్టుకోవచ్చు. సుమారు 40 గజాల దూరం నుంచి పది రౌండ్లు కాల్చాడు, ఎనిమిది తగిలాయి. అంతటితో ఆ హంతకుడి ఆట ముగిసింది.

మిగతా రెండు సంగతులు మాత్రం ఎక్కువమంది చెప్పుకోరు. కాలుస్తూనే అతను వెనక ఉన్న జనాన్ని బయటికి పొమ్మని చేత్తో సైగ చేశాడు. అయిపోగానే మాల్ సెక్యూరిటీ దగ్గరికి తనే వెళ్లాడు. చేతులకు బేడీలు వేసి విచారణకి తీసుకెళ్తే గొడవ పడలేదు. సీసీ కెమెరా ఫుటేజ్ చూశాక పోలీసులు వదిలేశారు. అతనికి పోలీసు శిక్షణా లేదు, మిలిటరీ శిక్షణా లేదు. చిన్నప్పుడు తాత దగ్గర గురి నేర్చుకున్నాడు, అంతే.

అందరి కథా ఇలా ముగియదు

అంతకు ఏడాది ముందు, 2021 జూన్ 21న, కొలరాడోలోని అర్వాడా ఊళ్లో ఒకడు గోర్డన్ బీస్లీ అనే పోలీసు ఆఫీసర్ని చంపాడు. పక్క షాపులో ఉన్న జానీ హర్లీ తన పిస్టల్‌తో బయటికొచ్చి ఆ హంతకుణ్ణి కాల్చాడు. అక్కడిదాకా హీరోనే. తర్వాత కింద పడిన హంతకుడి రైఫిల్‌ని చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన ఇంకో పోలీసుకి కనబడింది ఒక్కటే... చేతిలో రైఫిల్ ఉన్న మనిషి. ఆ పోలీసు కాల్చాడు. హర్లీ చనిపోయాడు.

ఇద్దరూ ధైర్యవంతులే. తేడా వచ్చింది ప్రమాదం తప్పాక వచ్చిన కొన్ని సెకన్లలో. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే సీనియర్లు మొదట చెప్పే మాట కూడా ఇదే: సరి చేయడం తర్వాత, ముందు నష్టం పెంచకుండా ఉండు. సర్వర్ అయితే మళ్లీ లేస్తుంది. మనిషి లేవడు.

భయంలో మన ఒళ్లు మన మాట వినదు. గుండె దడదడలాడుతుంది, చూపు ఎదురుగా ఉన్నదాని మీదే ఇరుక్కుపోతుంది, పక్కన అరుపులు సరిగ్గా వినబడవు, వేళ్లు వణుకుతాయి. అందుకే తుపాకీ ఉన్నవాడికి గురి కన్నా ముందు శ్వాస నేర్పాలి. నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే, చుట్టూ ఒకసారి చూస్తే, బుర్ర మళ్లీ పని మొదలుపెడుతుంది.

ఆయుధం లేకుండా నిలబడ్డవాడు

మన తెలుగువాళ్లు మరిచిపోకూడని పేరు ఇంకొకటి ఉంది, ఇయాన్ గ్రిల్లట్. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేథ్‌లోని ఒక బార్‌లో హైదరాబాద్‌కి చెందిన ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్ల మీద, ఆయన ఫ్రెండ్ అలోక్ మాదసాని మీద ఒకడు జాతి ద్వేషంతో కాల్పులు జరిపాడు. శ్రీనివాస్ చనిపోయారు. టేబుల్ కింద దాక్కున్న 24 ఏళ్ల గ్రిల్లట్ ఒక్కో తూటా శబ్దం లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యాయి, ఇక ఖాళీ అనుకుని వాడి వెంట పరిగెత్తాడు. ఇంకో తూటా మిగిలే ఉంది. అది అతని చేతిలోంచి ఛాతీలోకి దూసుకెళ్లింది. అదృష్టం, బతికాడు. ఎవరో ఏ దేశం వాళ్లో తెలియని ఇద్దరి కోసం అతను లేచాడు.

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇప్పుడు చాలా వీధుల్లో ఒక పిల్లో పిల్లాడో అమెరికాలో ఉన్నారు. వాళ్లకి ఒక మాట చెప్పండి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. 'రూమ్మేట్‌ది కదా, ఒకసారి పట్టుకుని ఫొటో దిగుతా' అనే సరదా కూడా వద్దు.

మన చట్టం ఏమంటోంది?

మన దగ్గర తుపాకీ హక్కు కాదు, లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం కింద జిల్లా మెజిస్ట్రేట్ ఇస్తారు. 2019 సవరణతో ఒక మనిషికి గరిష్ఠంగా రెండు తుపాకులే, లైసెన్సు గడువు ఐదేళ్లు. ఎన్నికలొస్తే అధికారులు అడిగినవాళ్లు స్టేషన్లో అప్పజెప్పాలి. పెళ్లిలో సరదాగా గాల్లోకి కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేని నాటు తుపాకీ అయితే పంట కాపాడుకోడానికైనా నేరమే. కౌండిన్య అడవి అంచున ఏనుగులతో వేగుతున్న పలమనేరు, కుప్పం రైతుల కష్టం చిన్నది కాదు. కానీ ఏనుగు మీద తుపాకీ ఎక్కుపెడితే వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది.

మరి ముక్కూ మొహం తెలియని మనిషిని కాపాడటానికి బలం వాడొచ్చా? వాడొచ్చు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. అందులో 35వ సెక్షన్ మన ఒంటికే కాదు, ఇంకొకరి ఒంటికి వచ్చే ఆపదని అడ్డుకునే హక్కు కూడా ఇస్తోంది. అయితే 37వ సెక్షన్ రెండు గీతలు గీసింది. పోలీసుల సాయం తీసుకునే టైం ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించి దెబ్బ కొట్టకూడదు. అంటే చట్టం కూడా అడుగుతున్నది ఓపికనే.

మన రోడ్డు మీద ఎదురయ్యే ఆపద

నిజం మాట్లాడుకుంటే, మనకి ఎదురయ్యే అపరిచితుడికి కావాల్సింది తుపాకీ కాదు. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. పలువురు చనిపోయారు. ఆ చీకట్లో గాయపడినవాళ్లని పైకి చేర్చి తిరుపతి ఆస్పత్రికి తరలించాల్సి వచ్చింది. అక్కడ పనికొచ్చేది తాడు, టార్చి, చల్లని బుర్ర.

రాత్రిపూట రోడ్డు పక్కన ఎవరైనా ఆపదలో కనబడితే ఇలా చేయండి:

• బండి కొంచెం దూరంగా ఆపి పార్కింగ్ లైట్లు వేయండి. దిగేముందు పది సెకన్లు చుట్టూ చూడండి.
• గొడవైతే 112కి, గాయాలైతే 108కి ముందు ఫోన్ కొట్టండి. ఊరి పేరు, కిలోమీటరు రాయి, పక్కనున్న గుర్తు చెప్పండి.
• చేతులు కనబడేలా నడవండి. 'అన్నా, భయపడొద్దు, పోలీసులకి చెప్పినా, వస్తా ఉన్నారు' అని మెల్లగా మాట్లాడండి.
• లైసెన్సు తుపాకీ ఉన్నా బయటికి తీయకండి. తీస్తే సాయానికి వచ్చిన మీరే దొంగలా కనబడతారు. పోలీసులు వస్తే ముందే చెప్పి, వాళ్లు చెప్పినట్టు చేయండి.
• వీడియో తర్వాత. ముందు మనిషి.

'ఆస్పత్రికి తీసుకెళ్తే కేసులో ఇరుక్కుంటాం' అనే భయం ఇంకా చాలామందిలో ఉంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆ భయానికి అడ్డుకట్ట వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేసినవాడి మీద సివిల్ కేసూ క్రిమినల్ కేసూ పెట్టకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. తీవ్రంగా గాయపడినవాళ్లని సమయానికి ఆస్పత్రికి చేర్చినవాళ్లకి కేంద్రం 'రాహ్‌వీర్' పథకం కింద 25 వేల రూపాయలు ఇస్తోంది.

డికెన్‌లా గురి మనకి అక్కర్లేదు. జనాన్ని బయటికి పంపిన ఆ చేతి సైగ మాత్రం నేర్చుకోవాలి. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.