బానెట్ కింద బరువైన చక్రం

'యాక్షన్' అనగానే కారు కదలాలి, 'కట్' అనగానే ఆగాలి. వెలుతురు నచ్చలేదని కెమెరామన్ తల అడ్డంగా ఊపితే రివర్స్‌లో వెనక్కి వెళ్లి, మళ్లీ సెల్ఫ్ కొట్టి, మనిషి నడకంత వేగంతో ఫ్రేమ్‌లోకి రావాలి. ఫిలింనగర్, జూబ్లీహిల్స్ షూటింగుల్లో పాతకాలపు కారుకు పడే పని ఇది. సావిత్రి జీవితం మీద 2018లో వచ్చిన 'మహానటి' లాంటి సినిమాల్లో అలాంటి కార్లు లేనిదే కాలం కళ్లకు కట్టదు. తెర మీద కనిపించేది మాత్రం బాడీ, క్రోమ్, నంబరు ప్లేటు. లోపలి ఇంజన్ ఆ కారుతో పాటు పుట్టిందే కానక్కర్లేదు.

అసలు ఇంజన్ అరిగిపోయి, విడిభాగాలు దొరకనప్పుడు మరో ఇంజన్ ఎక్కిస్తారు. మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయించుకోవచ్చు, రేడియేటర్ మార్చుకోవచ్చు. చిక్కంతా ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ నడుమ ఉన్న ఇనుప చక్రంతోనే. అదే ఫ్లైవీల్.

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ అరచుట్టు తిరిగినప్పుడల్లా ఒక పేలుడు. నిమిషానికి 800 చుట్ల ఐడ్లింగ్‌లో సెకనుకు దాదాపు 27 తోపులు. ఒక తోపుకూ మరో తోపుకూ మధ్య వేగం పడిపోకుండా కాపాడేది ఈ చక్రం బరువే. కుమ్మరి కర్ర పెట్టి తిప్పి వదిలేశాక కూడా సారె తిరుగుతూనే ఉంటుంది కదా, అదే సూత్రం. బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. అంతే బరువు ఇరుసు నుంచి రెట్టింపు దూరంలో ఉంటే దాని ప్రభావం నాలుగింతలు. అందుకే రేసు కార్లవాళ్లు ఫ్లైవీల్ అంచును లేత్ మీద చెక్కించి, ఇంజన్ చప్పున వేగం అందుకునేలా చేసుకుంటారు. షూటింగ్ కారుకు ఆ పని చేయించడం తెలివితక్కువతనం. మెల్లగా పాకేటప్పుడు ఇంజన్ ఆగిపోకుండా చూసేది ఆ బరువే మరి.

ఫ్లైవీల్‌కు ఇంకో రెండు ఉద్యోగాలున్నాయి. క్లచ్ ప్లేటు పట్టుకునేది దీని ముఖాన్నే. సెల్ఫ్ మోటారు పళ్లు వెళ్లి పడేది దీని అంచున ఉన్న రింగ్ గేర్ మీదే. కాబట్టి ఒక్క చక్రం మూడు వైపుల వాళ్లనూ ఒప్పించాలి. ఇంజన్ వైపు బోల్టు రంధ్రాల సంఖ్య, అమరిక, మధ్య రంధ్రం కొలత సరిపోవాలి. సెల్ఫ్ వైపు రింగ్ వ్యాసం, పళ్ల కొలత కుదరాలి. కుదరకపోతే బండి స్టార్టయ్యేలోపే కర్రుమని పళ్లు రాలతాయి. క్లచ్ సంగతి మరీ తమాషా. ప్లేటు మధ్యలోని పళ్లు గేర్‌బాక్స్ షాఫ్ట్‌కు సరిపోవాలి, దాని వ్యాసమేమో ఫ్లైవీల్‌కు సరిపోవాలి. అంటే సగం పాత కారుది, సగం కొత్త ఇంజన్‌ది. చక్రం కొన్ని మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిగినా క్లచ్ పూర్తిగా విడవదు, లేదా పూర్తిగా పట్టదు.

అన్నీ కుదిరాక కూడా మోసపోవచ్చు. అమెరికాలో ఫోర్డ్ 5 లీటర్ల వీ8 ఇంజన్ ఇందుకు పేరుమోసింది. పాతవాటి ఫ్లైవీల్‌లో కావాలనే 28 ఔన్స్-ఇంచుల అసమతూకం ఉంచేవారు. 1980ల మొదట్లో దాన్ని 50కి మార్చారు. ఒకదాని చక్రం మరోదానికి చక్కగా బిగుస్తుంది. ఆ తర్వాత ఇంజన్ వణుకుతుంది, బేరింగులు పోతాయి. ఇక కంప్యూటర్ ఉన్న ఇంజన్లలో కొన్నిటికి క్రాంక్ సెన్సర్ చదివే పళ్లు ఫ్లైవీల్ మీదే ఉంటాయి. తప్పు చక్రం పెడితే ఇంజన్ అసలు స్టార్టే కాదు.

ఈ గొడవంతా లేకుండా ఇంజన్ మార్చడమెలాగో మన అంబాసిడరే చూపించింది. 1957లో వచ్చిన ఆ కారుకు హిందుస్థాన్ మోటార్స్ 1992లో ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఎక్కించి, దాంతోపాటే అయిదు గేర్ల గేర్‌బాక్స్‌నూ తెచ్చింది. ఆటోనగర్‌లో పాత ఇంజన్ కొనేవాళ్లూ ఇదే చేయడం మేలు. ఇంజన్ ఒక్కటే తక్కువకు వస్తోందని సంబరపడకుండా ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు, సెల్ఫ్ మోటారు, దొరికితే గేర్‌బాక్స్ కూడా సెట్టుగా అడగాలి. కొనేముందు రింగ్ గేర్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు ఎక్కువగా ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లే నిలుస్తుంది గనుక పళ్లు అక్కడే అరుగుతాయి. టేకు టేకుకూ సెల్ఫ్ కొట్టించుకున్న కారులో అది మరీ ఎక్కువ. అయితే రింగ్‌ను వేడిచేసి ఊడదీసి, కాస్త తిప్పి మళ్లీ ఎక్కించవచ్చు.

'కల్కి 2898 ఏడీ' సినిమా కోసం మహీంద్రా, కోయంబత్తూరు జయెమ్ ఆటోమోటివ్స్ కలిసి తయారుచేసిన 'బుజ్జి'కి ఈ బాధ లేదు. అది ఎలక్ట్రిక్ వాహనం. మోటారులో పేలుళ్లే లేవు, ఇక ఫ్లైవీల్ ఎందుకు?

మెకానిక్ పని పూర్తయ్యాక ఆర్‌టీఓ పని మిగులుతుంది. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి లేకుండా మార్చుకోవడానికి వీల్లేదు. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021లో కేంద్రం 'వింటేజ్' గుర్తింపు, 'వీఏ' అక్షరాల నంబరు ప్లేటు తెచ్చింది. బాడీ, ఛాసిస్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసిన కారుకు ఆ గుర్తింపు రాదు. వచ్చిన కారునైనా రోజువారీ అవసరాలకో వ్యాపారానికో రోడ్డెక్కించకూడదు. షూటింగులకు అద్దెకిద్దామనుకునే యజమాని 'వీఏ' నంబరు కావాలో మామూలు నంబరు కావాలో ఇంజన్ విప్పకముందే తేల్చుకోవాలి.