కుండీలో కెనడా చెట్టు

1904లో అమెరికాలో బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బరేటం అనే వృక్షోద్యానానికి చెందిన ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు, ఆల్ఫ్రెడ్ రేడర్, జాన్ జాక్, కెనడాలోని అల్బర్టాలో రైలు కోసం ఎదురుచూస్తూ అలా నాలుగడుగులు వేసి వద్దామని బయల్దేరారు. ఇప్పుడు లేక్ లూయీజ్ అంటున్న ఆ చోట గుబురుగా, శంకువులా ఉన్న సూదుల్లాంటి ఆకులున్న పొట్టి స్ప్రూస్ మొక్కలు వాళ్ల కంటపడ్డాయి. అవి వైట్ స్ప్రూస్ జాతివే. ఆ జాతి అడవిలో వంద అడుగుల దాకా సాగే చెట్టు. ఇవి మాత్రం ఏడాదికి రెండు నుంచి నాలుగు అంగుళాలకు మించి పెరగవు. వాటిని బోస్టన్‌కు చేర్చారు. ఈనాడు ప్రపంచమంతా అమ్ముడవుతున్న 'డ్వార్ఫ్ అల్బర్టా స్ప్రూస్' అలా పుట్టింది. కుండీకి ఇంతకంటే తగిన స్ప్రూస్ దొరకడం కష్టం.

డిసెంబరు వస్తే అమెరికా సూపర్‌మార్కెట్లలో ఇవే క్రిస్మస్ చెట్లుగా, కుండీలకు మెరుపు కాగితం చుట్టుకుని వరసగా నిలబడతాయి. అక్కడి తెలుగువాళ్లూ పిల్లల ముచ్చట కోసం ఒకటి తెచ్చుకుంటారు. ముందుగా ఆ కాగితం చింపేయాలి, లేదంటే నీళ్లు అందులోనే నిలిచి వేళ్లు కుళ్లుతాయి. హీటరు వేసిన గదిలో వారం, పది రోజులకు మించి ఉంచకూడదు. వెచ్చదనానికి మొక్క శీతాకాలపు నిద్ర చెడుతుంది, ఆనక ఉన్నట్టుండి మంచులో పెడితే దెబ్బ తింటుంది. చిక్కేమిటంటే, స్ప్రూస్ ప్రాణం పోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది. అనుమానం వస్తే చిన్న కొమ్మ బెరడును గోటితో గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టే.

నేలలో ఉన్న వేళ్లను చుట్టూ మట్టి కాపాడుతుంది. కుండీలో వాటికి నాలుగు వైపులా చలే. అందుకే మనముండే ఊరి చలికన్నా మరింత చలికి తట్టుకునే రకాన్నే కుండీకి ఎంచుకోవాలంటారు తోటమాలులు. అల్బర్టా బిడ్డకు ఆ బెంగ తక్కువ.

దాన్ని చంపేది చాలాసార్లు చలి కాదు, దాహం! చలికాలంలో మట్టి గడ్డకడితే వేళ్లు నీళ్లు తాగలేవు. పైన ఎండా గాలీ ఆకుల తేమను లాగేస్తూనే ఉంటాయి. వసంతానికి ఎండ తగిలే వైపంతా గోధుమరంగుకు తిరుగుతుంది. గడ్డకట్టకముందే బాగా నీళ్లు పోసి, కుండీకి గోనెసంచి చుట్టి, తూర్పు గోడ పక్కకు జరిపితే చాలా వరకు గట్టెక్కుతుంది. మట్టి కుండీలు మంచుకు పగులుతాయి కాబట్టి అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ లేదా చెక్క తొట్టె మేలు.

వసంతంలో, శరదృతువులో ఎర్రనల్లిని కనిపెట్టి ఉండాలి. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి రెండుసార్లు తట్టితే, పడిన చుక్కల్లో కొన్ని నడక మొదలెడతాయి. అవే నల్లులు! కొమ్మల లోపలికంటా గొట్టంతో నీళ్లు జోరుగా కొడితే చాలా మటుకు రాలిపోతాయి. ఒక్కోసారి మధ్యలోంచి ఓ కొమ్మ పొడవాటి ఆకులతో విపరీతంగా దూసుకొస్తుంది. పొట్టి చెట్టులో పాత అడవి లక్షణం తిరగబెట్టిందన్నమాట. మొదలంటా కత్తిరించకపోతే చెట్టంతా తనదే అంటుంది.

మరి మన ఊళ్లలో? స్ప్రూస్‌కు శీతాకాలపు చలి కావాలి, మన దేశంలో అది సహజంగా పెరిగేది హిమాలయాల్లోనే. హైదరాబాద్‌లోనూ కడియం నర్సరీల్లోనూ క్రిస్మస్ చెట్టు పేరుతో దొరికే అరకేరియా పసిఫిక్ దీవులది, మన వేడికి ఓర్చుకుంటుంది. విత్తనాలు తెప్పించి స్ప్రూస్‌తో కుస్తీ పట్టేకన్నా ఆ అరకేరియానే తెచ్చుకోండి.