పిల్లలకి ఫ్రీ, కానీ లెక్కలో ఉంటారు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ నుంచి చైతన్యపురి వైపు నడిచేటప్పుడు ఒకసారి తలెత్తి బోర్డులు చదవండి. కోచింగ్ సెంటర్, అమెరికా కన్సల్టెన్సీ, మళ్ళీ కోచింగ్ సెంటర్, మధ్యలో ఎక్కడో ఒక ట్రావెల్ ఏజెన్సీ. నా చిన్నప్పుడు ఆ ఏజెన్సీ బోర్డుల మీద తిరుపతి, షిర్డీ, కాశీ మాత్రమే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన ఒక తెల్ల ఓడ బొమ్మ కూడా కనిపిస్తోంది. కింద ఇలా ఉంటుంది: యూరప్ క్రూజ్, 7 రాత్రులు, పిల్లలకి ఫ్రీ.

మా పెద్దమ్మ కూతురు కొత్తపేటలో ఉంటుంది. అక్కకి, బావకి ఆ "పిల్లలకి ఫ్రీ" బాగా నచ్చింది. వాళ్ళకి ఇద్దరు పిల్లలు, బాబుకి ఏడేళ్ళు, పాపకి నాలుగు. నేను ఎల్‌బీ నగర్‌లో ఉంటాను, పైగా కంప్యూటర్ సైన్స్. అంటే మా వంశంలో ఎవరికి ఏ ఆన్‌లైన్ ఫారం నింపాలన్నా నేనే, ప్రింటర్ ఆగిపోయినా నేనే. అలా ఈ ట్రిప్ పేపర్ల పని మొత్తం నా నెత్తిన పడింది. ఆ పనిలో చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామందికి కూడా ఇంకో మూడు నాలుగేళ్ళలో ఇలాంటి అక్కాబావల ఫారాలు రాబోతున్నాయి కాబట్టి పనికొస్తాయి.

ముందు ఆ ఫ్రీ సంగతి. క్యాబిన్‌లో ఇద్దరు పెద్దవాళ్ళు పూర్తి ధర కడితే, అదే క్యాబిన్‌లో మూడో పడక, నాలుగో పడక వాడుకునే పిల్లలకి ఓడ చార్జీ తీసుకోరు. అంతే. పోర్టు పన్నులు కట్టాలి, చాలా కంపెనీల్లో రోజువారీ సర్వీస్ చార్జీ కూడా ఉంటుంది. ఓడ దాకా వెళ్ళడానికి విమానం ఎక్కాలి కదా, అక్కడ రెండేళ్ళు నిండిన పిల్లలకి సీటు కొనాల్సిందే. వీసా ఫీజులో మాత్రం నిజంగా లాభం ఉంది. 2024 జూన్ 11 నుంచి షెంగెన్ వీసాకి పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు వాళ్ళకి 45, ఆరేళ్ళ లోపు పిల్లలకి ఏమీ లేదు. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి వేలిముద్రలు కూడా తీసుకోరు. నెలల పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటే మాత్రం ఆగాలి. సాధారణంగా ఆరు నెలలు నిండనిదే ఓడ ఎక్కనివ్వరు, మహాసముద్రం దాటే ప్రయాణాలకైతే ఏడాది నిండాలి.

పేపర్ల దగ్గర మన తెలుగువాళ్ళకి ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. అదే ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. స్కూల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. పాస్‌పోర్ట్‌లో కొందరికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. అక్క పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది, పిల్లలకి బావది. ఇటలీలోనో స్పెయిన్‌లోనో కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి ఆ తల్లికీ ఆ పిల్లలకీ సంబంధం ఉందని చెప్పేది జనన ధృవీకరణ పత్రం ఒక్కటే. అందులో ఇంకో తమాషా. మన దగ్గర బిడ్డ పుట్టిన వెంటనే ఆసుపత్రి నుంచి వివరాలు వెళ్ళిపోతాయి, పేరేమో బారసాల దాకా పెట్టం. అందుకే చాలామంది పిల్లల సర్టిఫికెట్‌లో పేరు దగ్గర ఖాళీ ఉండిపోతుంది, తర్వాత దరఖాస్తు పెట్టి చేర్పించుకోవాలి. బాబుది చేర్పించారు, పాపది మర్చిపోయారు. ఏ ట్రిప్ ఆలోచన వచ్చినా ముందు బీరువా తీసి ఆ కాగితం చూడండి. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్ళకే అయిపోతుందని కూడా గుర్తుపెట్టుకోండి, పెద్దవాళ్ళలా పదేళ్ళు కాదు.

ఓడ రోజుకో ఊళ్ళో ఆగుతుంది కాబట్టి వీసా ఏ దేశానికి పెట్టాలన్నది మంచి పజిల్. బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, నేపుల్స్ లాంటి రూటైతే అన్నీ షెంగెన్ దేశాలే. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. అన్నీ సమానంగా వస్తే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. కానీ గ్రీస్ దీవుల రూట్లలో కొన్ని మధ్యలో తుర్కియేలోని కుశాదాసికి వెళ్ళొస్తాయి. అక్కడ షెంగెన్ నుంచి బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చినట్టు. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా అక్కడితో సరి. అందుకే ఓడ ఆగే ఊళ్ళ పేర్లన్నీ ముందు రాసుకుని, తర్వాతే ఫారం తెరవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి.

ఇవన్నీ ఏజెంట్ కూడా చెప్తాడు. ఏజెంట్ చెప్పనిది, నన్ను రాత్రి రెండింటి దాకా చదివించినది వేరే ఉంది. లైఫ్ జాకెట్లు.

ప్రయాణికుల ఓడలకి సోలాస్ అని ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో దాని మొదటి రూపం వచ్చింది. ఇప్పటి రూల్స్ ప్రకారం లైఫ్ జాకెట్లు మూడు సైజులు. 15 కిలోల లోపు, మీటరు ఎత్తు లోపు ఉంటే శిశువుల జాకెట్. 15 నుంచి 43 కిలోల లోపు, మీటరు నుంచి 155 సెంటీమీటర్ల లోపు ఉంటే పిల్లల జాకెట్. ఆపైన పెద్దలది. వయసుతో పనే లేదు. మా పాప 14 కిలోలు. ఎల్‌కేజీ చదువుతున్నా ఓడ దృష్టిలో శిశువే. "సరిగ్గా తినదు, అందుకే" అంది అమ్మమ్మ. అమ్మమ్మ బరువు 41 కిలోలు, ఎత్తు కూడా అంతంతే. ఆ లెక్కన ఆవిడది పిల్లల జాకెట్ అని చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక రోజు దాటిన ప్రయాణమైతే ఓడలో ఎంతమంది శిశువులుంటే అన్ని శిశువుల జాకెట్లు ఉండి తీరాలి. పిల్లలవి మొత్తం ప్రయాణికుల్లో కనీసం 10 శాతానికి సరిపడా ఉండాలి, పిల్లలు అంతకంటే ఎక్కువుంటే తలా ఒకటి. ఇది ఎందుకు ముఖ్యమంటే, పెద్దవాళ్ళ జాకెట్ చిన్నపిల్లకి వేస్తే నీళ్ళలో జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. వేసినట్టే ఉంటుంది, పని చెయ్యదు.

తలా ఒకటి ఇవ్వాలంటే ఎన్ని తలలున్నాయో ముందు తెలియాలి కదా. దీనికి యూరోపియన్ యూనియన్ 1998లో ఒక ఆదేశం చేసింది. ప్రయాణికుల ఓడ రేవు వదిలే ముందు లోపల ఉన్న ప్రతి మనిషినీ లెక్కపెట్టాలి, ఆ సంఖ్య కెప్టెన్‌కి చెప్పాలి. ప్రయాణం 20 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 37 కిలోమీటర్లు దాటితే పేర్లు కూడా నమోదు చెయ్యాలి. పుట్టిన తేదీ కూడా రాయాలి. ఒళ్ళో పిల్ల కూడా ఒక మనిషే. టికెట్ డబ్బులు సున్నా కావచ్చు, కౌంట్ మాత్రం ఒకటి.

మన దగ్గర "టికెట్" అనే మాటకి అర్థమే వేరు. ఆర్టీసీ బస్సులో ఐదేళ్ళ లోపు టికెట్ లేదు, ఐదు నుంచి పన్నెండు దాకా అరటికెట్. అందుకే మన ఇళ్ళలో పిల్లల వయసు కండక్టర్ ముందు ఒకటి, స్కూల్ అడ్మిషన్ దగ్గర ఇంకొకటి. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఎల్‌బీ నగర్ బస్సుల్లో నాలుగున్నరే అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది. బస్సులో దీనివల్ల పెద్ద నష్టం లేదు, పది రూపాయల సంగతి. కానీ మన బుర్రలో "ఫ్రీ అంటే లెక్కలో లేనట్టే" అన్నది అలాగే అతుక్కుపోయింది. నీళ్ళ మీదికి వెళ్ళేటప్పుడు కూడా దాన్నే తీసుకెళ్తాం.

2019 సెప్టెంబర్ 15న, గోదావరి వరద మీద ఉన్నప్పుడు, పాపికొండలు చూడటానికి వెళ్తున్న బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. పదుల మంది చనిపోయారు. అందులో హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళున్నారు, వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి వెళ్ళినవాళ్ళున్నారు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. టీవీలో నాకు బాగా గుర్తున్నది ఒక సంఖ్య మారుతూ ఉండటం. బోటులో ఇంతమంది ఉన్నారు అని మొదట ఒకటి చెప్పారు, తర్వాత పెంచారు, మళ్ళీ పెంచారు. వెతికేవాళ్ళకి ఎంతమంది కోసం వెతుకుతున్నామో తెలియదు. ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బోటుని పైకి తీసింది. వెళ్ళినవాళ్ళ జాబితా ఒడ్డున ఒక కాగితం మీద సరిగ్గా ఉండటానికి ఎంత ఖర్చవుతుందో ఒక్కసారి ఆలోచించండి. మన మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో రాసిన ప్రోగ్రాం చాలు, అది కూడా అక్కర్లేదు, ఒక నోట్‌బుక్ చాలు.

యూరప్‌లో అంతా గొప్పగా ఉందని నేననడం లేదు. 2012 జనవరి 13 రాత్రి, ఇటలీలో జిల్యో దీవి దగ్గర కోస్తా కాంకోర్డియా రాయిని గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు అందులో నాలుగు వేల మందికి పైగా ఉన్నారు. 32 మంది చనిపోయారు. వాళ్ళలో ఒక ఐదేళ్ళ పాప, వాళ్ళ నాన్న ఉన్నారు. ప్రమాదం వస్తే ఎక్కడికి రావాలో చూపించే డ్రిల్ ఓడ ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే చాలని అప్పటి రూల్. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్ళకి అది ఇంకా జరగలేదు. ఆ తర్వాత రూల్ మార్చారు. 2015 జనవరి 1 నుంచి, ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ అయిపోవాలి.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఆ డ్రిల్ చాలా ముఖ్యం. కార్డు మీద ఒక అక్షరమో నంబరో ఉంటుంది, అది మీరు చేరాల్సిన చోటు. చాలా ఓడల్లో చిన్నపిల్లల చేతికి అదే గుర్తుతో ఒక పట్టీ కడతారు. మూడేళ్ళు దాటిన పిల్లల్ని ఆటల క్లబ్బులో వదిలి అమ్మానాన్నలు ఎక్కడో భోజనం చేస్తుండొచ్చు. అలారం మోగితే మన చెయ్యి, కాలు పిల్లల వైపే పరిగెత్తుతాయి. వేల మంది మెట్ల మీద దిగుతుంటే ఎదురెక్కడం అన్నమాట. పిల్లల్ని క్లబ్బు వాళ్ళే తీసుకొస్తారా, మీరు వెళ్ళాలా, ఎక్కడ కలుసుకోవాలి అన్నది క్లబ్బులో పేరు రాయించేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. అక్క ఈ ప్రశ్నని పెద్దక్షరాలతో రాసి ఫైల్ మొదటి పేజీలో పెట్టింది. క్యాబిన్ నంబర్ ఇంగ్లిష్‌లో చెప్పడం పాపకి నేర్పిద్దామని నేనన్నాను. "దానికి మనింటి నంబరే రాదు" అంది అక్క.

తిండి సంగతి తొందరగా చెప్పేస్తా. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ లాంటి వేడెక్కే వస్తువులు ఓడలోకి రానివ్వరు, కాబట్టి క్యాబిన్‌లో అన్నం వండే ప్లాన్ మానుకోండి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. గోంగూర మటన్ పచ్చడి, పాలకోవా ఇంట్లోనే ఉండాలి. సీలు తియ్యని పసిపిల్లల పాలపొడికి రెండు కిలోల దాకా మినహాయింపు ఉంది. బఫేలో అన్నం దొరుకుతుంది, తియ్యగా లేని పెరుగు దొరుకుతుంది, రెండూ కలిపితే మా పాప భోజనం అయిపోయినట్టే. డైపర్ వేసుకున్న పిల్లల్ని స్విమ్మింగ్ పూల్‌లోకి సాధారణంగా రానివ్వరు. ఏజెన్సీ బ్రోచర్‌లో మాత్రం అన్ని పేజీలూ స్విమ్మింగ్ పూలే.

పిల్లలకి నీళ్ళ మీద కడుపులో తిప్పుతుందేమో చూద్దామని సంక్రాంతి సెలవుల్లో ఎల్‌బీ నగర్ నుంచి బస్సెక్కి ఒక జలాశయానికి వెళ్ళాం. కౌంటర్లో ఉన్నాయన పాపని చూసి, "చిన్నపిల్లకి టికెట్ అక్కర్లేదమ్మా" అన్నాడు. అక్క, "టికెట్ ఇవ్వండి అన్నా, పిల్ల కూడా లెక్కలో ఉండాలి" అంది. ఆయన అక్కని, తర్వాత నన్ను, మళ్ళీ అక్కని చూసి అరటికెట్ చింపాడు. చిన్న సైజు జాకెట్ ఉందా అని అడిగితే లోపలికి వెళ్ళి కుప్పలో అడుగు నుంచి ఒకటి లాగాడు, దుమ్ము పట్టి ఉంది, బెల్టు మాత్రం గట్టిదే. అది చూసి వెనక నిలబడ్డ ఒకావిడ తన మనవడికి కూడా కావాలంది. ఇంకొకటి లేదు. ఆవిడ మనవణ్ణి ఎత్తుకుని ఒడ్డునే ఉండిపోయింది, వాళ్ళబ్బాయి, కోడలు మాతో పాటు ఎక్కారు.

ఇద్దరికీ కడుపులో తిప్పలేదు. పాప సర్టిఫికెట్‌లో పేరు చేర్పించడం గత వారం అయిపోయింది. ఓడ మే నెలలో.