నెట్ తెగిందెక్కడ? ఐదు అంకెలు చెబుతాయి

వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. అందరూ మొదట చేసేది రూటర్ ఆపి మళ్లీ వేయడం. ఒక్కోసారి నెట్ వచ్చేస్తుంది, కానీ లోపం ఎక్కడుందో తెలియదు. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా గాలిలో ఒక అంచె, రూటర్ నుంచి బయటికి తీగలో రెండోది, వెబ్‌సైట్ పేరును చిరునామాగా మార్చేది మూడోది. ఏది తెగినా మనకు నెట్ లేనట్టే. తెగిందెక్కడో విండోస్ ల్యాప్‌టాపే చెప్పగలదు. విండోస్ మీట నొక్కి సీఎండీ అని కొడితే వచ్చే నల్ల తెర చాలు.

169.254

ఆ తెరలో ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. వైఫై కింద ఐపీవీ4 అడ్రస్ సాధారణంగా 192.168తోనో 10తోనో మొదలవుతుంది. అంటే రూటర్ చిరునామా ఇచ్చిందన్నమాట. 169.254తో మొదలైతే ఇవ్వలేదు. అడిగి అడిగి జవాబు రాక ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. అదే వైఫైలో ఫోన్ బాగా పనిచేస్తుంటే ముందు ల్యాప్‌టాప్‌నే అనుమానించాలి. ఆ నెట్‌వర్క్‌ను ఫర్‌గెట్ చేసి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టి కలపండి. ఫోన్‌కూ రాకపోతే, అప్పుడు రూటర్ ఆపి వేయడమే సరైన పని.

50 శాతం

నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ అనే కమాండ్ సిగ్నల్‌ను శాతాల్లో చూపిస్తుంది. 50 అంటే సగం బలం అనుకుంటాం. విండోస్ లెక్క వేరు: సిగ్నల్ శక్తిని కొలిచే డీబీఎంలో 100 శాతం అంటే మైనస్ 50, సున్నా అంటే మైనస్ 100. 10 డీబీఎం తగ్గిన ప్రతిసారీ అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి 100 నుంచి 50 శాతానికి దిగితే మిగిలేది సగం కాదు, సుమారు 316వ వంతు. హాల్లో సాఫీగా సాగిన వీడియో కాల్ పడగ్గదిలో ముక్కలవడం అందుకే. ఇనుప బీరువా వెనక దాగిన రూటర్‌ను బయటికి తెచ్చి ఎత్తులో పెట్టి, ఈ అంకెను మళ్లీ చూడండి.

1, 6, 11

అదే కమాండ్ ఛానల్ అంకెనూ చూపిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానళ్లున్నాయి. పక్కపక్క ఛానళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే, ఒక్కో రూటర్‌కు కావాల్సింది 20. ఒకదాని మీద ఒకటి పడకుండా మామూలుగా వాడే మూడు ఛానళ్లు 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లోని రూటర్లన్నీ ఈ మూడింట్లోనే సర్దుకోవాలి. రాత్రిపూట నెట్ నెమ్మదించడానికి ఇదొక కారణం. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే రద్దీ తగ్గుతుంది, కాకపోతే గోడలు దాటేసరికి అది త్వరగా నీరసిస్తుంది.

ఫోన్‌కు కనిపించే వైఫై ల్యాప్‌టాప్‌కు అసలు కనిపించకపోతే రూటర్ 12, 13 ఛానళ్లలో ఉందేమో చూడండి. అమెరికా నిబంధనలకు సెట్ చేసిన కార్డులు చాలావరకు 11 దగ్గరే ఆగుతాయి. అక్కడినుంచి పిల్లలు పంపిన ల్యాప్‌టాప్ అయితే ముందు ఇదే చూడాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టగానే నెట్ తడబడుతోందా? యూఎస్‌బీ 3.0 వెదజల్లే రేడియో రొద 2.4 బ్యాండ్‌లోనే పడుతుందని ఇంటెల్ 2012లో ఒక పత్రంలో వివరించింది. డిస్క్‌ను రెండో వైపు పోర్టుకు మార్చి చూడండి.

72

100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా 40 దాటట్లేదంటే, అదే కమాండ్‌లో రిసీవ్ రేట్ చూడండి. 72 అని ఉంటే కారణం దొరికినట్టే. 2.4 బ్యాండ్‌లో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో, ఒకే యాంటెన్నాతో నడిచే వైఫై 4 కార్డుకు గరిష్ఠం 72.2. చేతికందేది అందులో సగం పైచిలుకు. ఖరీదైన ప్లాన్‌కు మారినా ఈ అంకె కదలదు. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే, దాన్ని పట్టే యూఎస్‌బీ అడాప్టర్ కొంటే కదులుతుంది.

8.8.8.8

చివరిది పింగ్, అవతలి పరికరం పలుకుతోందో లేదో చూసే కమాండ్. ఐపీకాన్ఫిగ్‌లో డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్న అంకెకు, ఉదాహరణకు 192.168.1.1కు, ముందు పింగ్ కొట్టండి. రెండు మూడు మిల్లీసెకన్లలో జవాబొస్తే గాలి అంచె బాగుంది. వందలకు చేరినా, రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్ అని వచ్చినా లోపం ఇంట్లోనే. తర్వాత 8.8.8.8కు కొట్టండి, ఇది గూగుల్ 2009లో అందరికీ తెరిచిన డీఎన్ఎస్ సర్వర్. రూటర్ పలికి ఇది పలకకపోతే చిక్కు రూటర్ అవతల. ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే తీగలో వెలుగు అందట్లేదని అర్థం. రెండూ పలుకుతున్నా సైట్లు తెరుచుకోకపోతే మూడో అంచెను, అంటే డీఎన్ఎస్‌ను, అనుమానించాలి. వైఫై సెట్టింగుల్లో డీఎన్ఎస్‌ను 8.8.8.8గా మార్చి చూడండి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు "నెట్ రావట్లేదు" అనకండి. "గేట్‌వేకు 3 మిల్లీసెకన్లు, 8.8.8.8కు జవాబు లేదు, ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అనండి. ఇక ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయమనడానికి వాళ్ల దగ్గర కారణం ఉండదు, లైన్ చూడటానికి మనిషిని పంపాల్సిందే.