టాక్ ఏంటి బ్రో?

సినిమా చూసొచ్చినవాణ్ని ఎవరైనా అడిగేది ఒకటే ప్రశ్న: "ఎలా ఉంది?" కానీ అడిగే మనిషిని బట్టి దాని అర్థం మారిపోతుంది. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్‌లో అడిగిందంటే, "ఇంటిల్లిపాదీ వెళ్లి చూడొచ్చా?" అని. ఆఫీసులో మా మేనేజర్ అడిగితే, "టికెట్ డబ్బులు పెట్టనా, ఓటీటీకి ఆగనా?" అని. అదే ఒక ఫ్యాన్ అడిగాడనుకోండి, అతను అసలు సినిమా గురించే అడగట్లేదు. "మనం గెలిచామా, లేదా?" అని అడుగుతున్నాడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, వయసు 28. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో ఇప్పటికీ టచ్‌లో ఉన్నది పద్నాలుగు మందిమి. సగం మంది ఇక్కడే, కొంతమంది బెంగళూరు, మిగతావాళ్లు అమెరికా. పెళ్లిళ్లు, లేఆఫ్‌లు, వీసా టెన్షన్లు, ఫ్లాట్ ఈఎంఐలు ఎన్ని ఉన్నా మా మధ్య రోజూ నలిగేది సినిమా కబుర్లే.

పెద్ద సినిమా రిలీజంటే మా డాలస్‌ వాడే మాకు దిక్కు. అమెరికాలో ప్రీమియర్లు ముందురోజు సాయంత్రమే పడతాయి. చలికాలంలో డాలస్‌లో సాయంత్రం ఆరంటే మనకి తెల్లవారుజామున ఐదున్నర. వాడు ఇంటర్వెల్లో పాప్‌కార్న్ లైన్లో నిలబడి "ఫస్టాఫ్ ఓకే, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది" అని మెసేజ్ పెడతాడు. మేం స్నానాలు చేసి టిఫిన్ తినేలోపు సెకండాఫ్ తీర్పు కూడా వచ్చేస్తుంది. స్పెషల్ షోలు లేని రోజైతే ఆ టైముకి తెనాలిలో హాలు గేటు కూడా తీసి ఉండరు. ఇక మార్నింగ్ షోకి వెళ్లేవాడు చేసేదేముంది? డాలస్ నుంచి వచ్చిన మాట కరెక్టో కాదో చెక్ చేసుకుని రావడమే.

ఈ టాక్‌కి ఓ సొంత భాష కూడా ఉంది. "వన్ టైమ్ వాచబుల్" అంటే బాలేదు, చెప్పడానికి మొహమాటంగా ఉంది అని. "ఫ్యాన్స్‌కి పండగ" అంటే మిగతావాళ్లు ఆలోచించుకోండి అని. "డివైడ్ టాక్" అంటే సాయంత్రం ఫస్ట్ షో దాకా ఆశ వదులుకోకండి అని. రేటింగ్ 2.75 వస్తే ఒక ఏడుపు, 3 వస్తే ఒక పండగ. ఆ పావు మార్కు దేనికి తగ్గిందో, దేనికి పెరిగిందో ఇచ్చినవాళ్లకే తెలియాలి.

రెండో రోజు నుంచి అసలు సినిమా మాయమైపోయి లెక్కలు మొదలవుతాయి. మా పద్నాలుగు మందిలో ఒక్కడు కూడా డిస్ట్రిబ్యూటర్ కాదు. అయినా నైజాం ఎంతకి అమ్మారు, సీడెడ్‌లో ఎంత రావాలి, ఉత్తరాంధ్రలో ఎంత తగ్గింది, అన్నీ నోటికొచ్చు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. అందులోంచి పన్ను, థియేటర్ అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి మిగిలేది షేర్. పోస్టర్ మీద వేసేది గ్రాస్, కొన్నవాడి కడుపు నింపేది షేర్. ఈ తేడా పట్టుకుని ఇద్దరు ఇంజనీర్లు అర్ధరాత్రి రెండింటి దాకా కొట్టుకోగలరు. ఈ అంకెల పిచ్చి ఊరికే రాలేదని నా అనుమానం. "నాకు నచ్చింది" అంటే ఎదుటివాడు "నాకు నచ్చలేదు" అంటాడు, అక్కడితో ఆట డ్రా. అదే "వంద కోట్లు" అంటే నోరు మూతపడుతుంది. కనీసం మూతపడాలని మన ఆశ.

రాబోయే సినిమాల సంగతైతే ఇంకో రకం. 2025 శ్రీరామనవమికి 'పెద్ది' గ్లింప్స్ వచ్చింది. రామ్‌చరణ్ బ్యాట్ పిడిని నేలకి తాటించి కొట్టే ఆ ఒక్క షాట్ మీద మా వాళ్లు వారం రోజులు బతికారు. నిజం చెప్పాలంటే నాకు ఈ దశే ఇష్టం. సినిమా ఇంకా ఎవరూ చూడలేదు కాబట్టి అందరికీ నచ్చుతుంది. ఒకడు కథ అల్లుతాడు, ఇంకొకడు క్లైమాక్స్ మారుస్తాడు. ఆ అల్లిన కథల్లో కొన్ని అసలు సినిమాల కంటే బాగుంటాయి కూడా!

గొడవంతా చూశాకే. రెండేళ్ల కిందట ఓ పెద్ద హీరో సినిమా చూసొచ్చి, "సెకండాఫ్‌లో నిద్రొచ్చింది రా" అని రాశాను. హీరో పేరు ఇక్కడ చెప్పను, కింద కామెంట్లు మీరు చదవలేరు. నాలుగేళ్లు హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకున్నవాడు, సప్లీలకి నాతో పాటు రాత్రంతా మేలుకున్నవాడు, "నువ్వు ఎవరి ఫ్యాన్‌వో మాకు తెలీదా" అని బయటికెళ్లిపోయాడు. మొన్న వాడికి పాప పుట్టిందని ఇంకొకడు చెబితే తెలిసింది. నాకు నిద్రొచ్చిన మాట నిజం. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

టాక్ వల్ల అంతా చెడే అననులెండి. 2025 మార్చిలో 'కోర్ట్' వచ్చింది. పెద్ద స్టార్లు లేరు, ఫైట్లు లేవు. నిర్మాత నాని మాత్రం, ఇది నచ్చకపోతే నా 'హిట్ 3' చూడొద్దని స్టేజి మీదే చెప్పేశాడు. రిలీజుకి ముందే ప్రీమియర్లు వేశారు. పక్కింటి ఆంటీ చూసొచ్చి చెబితే మా అమ్మ వెళ్లింది, ఆమె చెబితే మా పిన్ని వెళ్లింది. శివాజీ చేసిన మంగపతి పాత్రని తిట్టుకుంటూ ఇంటికొచ్చారు. వీళ్లెవరూ షేర్ ఎంతని అడగలేదు. చిన్న సినిమాకి ఆయువు ఈ మాటలోనే ఉంది. జనం ఈ మాటని కూడా "పెయిడ్ బ్యాచ్" అనుకోవడం మొదలెడితే ముందు చచ్చేది అలాంటి సినిమాలే, స్టార్ల సినిమాలు కాదు. పక్కన తమిళనాడులో 2024 నవంబర్లో 'కంగువ' తర్వాత నిర్మాతలు విసిగిపోయి, థియేటర్ ఆవరణలో యూట్యూబ్ రివ్యూలు తీయనివ్వొద్దని హాళ్ల యజమానుల్ని కోరారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ గేటు దగ్గర కెమెరా ఆపగలరేమో, పక్కింటి ఆంటీని ఎవరాపుతారు?

పైగా తొలిరోజు తీర్పుకి అంత సీనేం లేదు. 2010లో రెండు నెలల తేడాతో 'ఖలేజా', 'ఆరెంజ్' వచ్చాయి, రెండూ ఆడలేదు. 'ఆరెంజ్'తో ఎంత నష్టపోయారో నాగబాబు గారే చాలాసార్లు చెప్పుకున్నారు. అదే సినిమాని 2023లో రామ్‌చరణ్ పుట్టినరోజుకి మళ్లీ వేస్తే హాళ్లు నిండిపోయాయి. 'ఖలేజా' వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా. "పోయిందంట" అని క్లాసులో చెప్పుకున్నాం, ఒక్కడం కూడా చూడకుండానే. తర్వాత టీవీలో వేసినప్పుడల్లా చూసి, డైలాగులన్నీ కంఠతా పట్టింది కూడా మేమే.

2025 మే 30న దాన్ని మళ్లీ రిలీజ్ చేశారు. విజయవాడలో ఓ అభిమాని ఏకంగా నిజం పాముతో హాల్లోకొచ్చాడని వార్తల్లో చూసే ఉంటారు. నేను వెళ్లిన హైదరాబాద్ షోలో పాములేం లేవుగానీ, తెర మీద మహేశ్ నోరు తెరవకముందే డైలాగు హాలంతా చెప్పేస్తోంది. నా పక్క సీట్లో ఇంటర్ కుర్రాడు. సినిమా తొలిసారి వచ్చినప్పుడు వాడికి రెండేళ్లుంటాయేమో. ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెబుతున్నాడు. ఇంటర్వెల్లో లైట్లు వెలగ్గానే నా వైపు తిరిగాడు.

"అన్నా, రీరిలీజ్ రికార్డు కొట్టేస్తామంటావా?"