పర్యావరణ న్యాయము, విద్యావాణిజ్యము: విశ్వవిద్యాలయములపై వాని ప్రభావము

గడచిన అర్ధశతాబ్దిలో ఉన్నతవిద్యను స్పృశించు అంతర్జాతీయ వ్యవస్థలు రెండు పెంపొందినవి. నేలను, నీటిని, గాలిని రక్షించుటకు ఏర్పడిన పర్యావరణ న్యాయము మొదటిది. విద్యను దేశముల నడుమ క్రయవిక్రయములకు అర్హమగు సేవగా పరిగణించు వాణిజ్య న్యాయము రెండవది. విశ్వవిద్యాలయము నేడు ఈ రెంటి మధ్యను నిలిచియున్నది. కాని రెంటికిని గల బలము సమానము కాదు. ఆ తారతమ్యమును వివరించుటయు, అది మన పాఠ్యక్రమములయందు ఎట్లు ప్రతిఫలించినదో పరిశీలించుటయు ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా రెండు మాటల భేదమును గుర్తింపవలెను. రాజ్యములు సంతకము చేసి, ధ్రువీకరించి, తమకు విధిగా అంగీకరించునది ఒడంబడిక. సమావేశమునందు పలువురు కూడి తమ ఆశయమును వెల్లడించునది ప్రకటన. ఒడంబడికను మీరిన రాజ్యము సమాధానము చెప్పవలసియుండును. ప్రకటనను మీరినచో సాధారణముగ కలుగునది అపకీర్తి మాత్రమే. పర్యావరణ విషయమున విశ్వవిద్యాలయముల కర్తవ్యమును తెలుపు పత్రములలో ప్రసిద్ధములైనవి ప్రకటనలే.

వాని చరిత్రకు 1972 జూన్ మాసమున స్టాక్‌హోమ్ నగరమున జరిగిన ఐక్యరాజ్య సమితి సమావేశము మొదలు. ఆ సమావేశము వెలువరించిన 26 సూత్రములలో 19వది పర్యావరణ విద్య యొక్క ఆవశ్యకతను చెప్పినది. 1977లో ట్బిలిసీ నగరమున జరిగిన సమావేశము ఈ విద్య ఒక్క శాస్త్రమునకు పరిమితము కారాదనియు, పలు శాస్త్రముల సమన్వయముతో సాగవలెననియు నిర్ణయించెను. రాబోవు తరముల అవసరములకు భంగము కలుగకుండ నేటి అవసరములను తీర్చుకొనుటయే సుస్థిరాభివృద్ధి యని 1987లో బ్రుంట్‌లాండ్ సంఘము నిర్వచించెను. 1990 అక్టోబరులో ఫ్రాన్సు దేశమందలి తాల్వార్ గ్రామమున కూడిన విశ్వవిద్యాలయాధిపతులు పది అంశముల కార్యక్రమమును ప్రకటించిరి. పర్యావరణ పరిజ్ఞానమును అందఱు విద్యార్థులకు కల్పించుట, వనరుల పొదుపును విశ్వవిద్యాలయము తన ప్రాంగణముననే ఆచరించి చూపుట అందు ముఖ్యములు. రియో సమావేశము 1992లో ఆమోదించిన ‘ఎజెండా 21’ లోని 36వ అధ్యాయము, 2015లో ఐక్యరాజ్య సమితి స్వీకరించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యములలోని 4.7వ అంశము ఈ పరంపరకు చెందినవే. పేర్లు మారినవి గాని స్వభావము మారలేదు.

వాణిజ్య న్యాయము నడచిన త్రోవ వేరు. 1995 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన సేవా వాణిజ్య సాధారణ ఒప్పందము నిజమైన ఒడంబడిక. దీనికే ‘గాట్స్’ అని వాడుక. సరిహద్దు దాటి వచ్చు దూరవిద్య, పరదేశమునకు ఏగి చదువు విద్యార్థి, పరదేశమున నెలకొల్పిన శాఖ, పరదేశమునకు ఏగి బోధించు అధ్యాపకుడు — ఈ నాలుగును దాని దృష్టిలో వాణిజ్య విధములు. ఏ రంగమును ఏ మేరకు తెరువవలెనో ప్రతి రాజ్యమును తన పట్టికయందు వ్రాసికొనును. వ్రాసిన పిమ్మట మాట తప్పినచో వివాద పరిష్కార వ్యవస్థ యెదుట నిలువవలెను. ఆ వ్యవస్థలోని అప్పీలు విభాగము 2019 డిసెంబరులో స్తంభించినను, రాజ్యముల బాధ్యత తొలగిపోలేదు. లాభాపేక్షయు పోటీయు లేక ప్రభుత్వాధికారమున నడచు సేవలకు మినహాయింపు కలదు. కాని ప్రభుత్వ కళాశాల ప్రక్కనే శుల్కము గైకొను కళాశాలయు నున్నచోట అది ఎంతవఱకు వర్తించునన్నది వివాదగ్రస్తము.

మఱియొక విశేషమును పరిశోధకులు గమనింపవలెను. వస్తు వాణిజ్యమును గూర్చిన 1947 నాటి గాట్ ఒప్పందము, తన 20వ అధికరణమున, తరిగిపోవు ప్రకృతి వనరుల సంరక్షణకై రాజ్యములు తీసికొను చర్యలకు చోటిచ్చినది. గాట్స్ 14వ అధికరణమున మానవుల, జంతువుల, వృక్షముల ప్రాణారోగ్య రక్షణ మాత్రమే కలదు. వనరుల ప్రస్తావన లేదు. సేవల వలన వనరులకు హాని లేదను భావము ఇందు ధ్వనించుచున్నది. విద్యుత్తు, నీరు, విమాన ప్రయాణము లేని విద్యావిపణి ఎక్కడ కలదు?

భారతదేశమున ప్రకటనకు బలము చేకూర్చినది న్యాయస్థానము. 1976లో రాజ్యాంగమున చేరిన 51ఎ(జి) అధికరణము ప్రకృతి రక్షణను పౌరుల విధిగా పేర్కొన్నది. దానిని ఆధారము చేసికొని, ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యమున 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు, పర్యావరణ పాఠ్యమును నిర్ణయించునట్లు విశ్వవిద్యాలయములను కోరవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘమును ఆదేశించెను. పండ్రెండేండ్లకు, అనగా 2003లో, అమలును గూర్చి మరల ఆజ్ఞాపింపవలసి వచ్చినది. అప్పుడు సిద్ధమైన ఆరు నెలల పాఠ్యక్రమమున 50 ఉపన్యాసములు కలవు. అందు సాంఘిక సమస్యలకును చట్టములకును కలిపి 7, క్షేత్ర పరిశీలనకు 5 మాత్రమే.

అదే సంఘము 2023లో రెండు పత్రములను వెలువరించినది. పర్యావరణ విద్యను గూర్చిన దానియందు అంతర్జాతీయ ఒడంబడికలకు ప్రత్యేక భాగము లభించుట హర్షణీయము. భారతదేశమున విదేశీ విద్యాసంస్థల ప్రాంగణములను గూర్చినది రెండవది. మొదటి దానికి ‘మార్గదర్శకములు’ అనియు, రెండవ దానికి ‘నియమములు’ అనియు పేరు. ప్రకటనకును ఒడంబడికకును గల అంతరమే ఇచ్చటను పొడసూపుచున్నది.

ఇట్లని ప్రకటనలు నిష్ఫలములని తలంపరాదు. రియో ప్రకటనలోని ముందుజాగ్రత్త సూత్రము, కాలుష్యము కలిగించిన వాడే మూల్యము చెల్లించవలెనను సూత్రము మన దేశపు న్యాయమున అంతర్భాగములని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు పౌరుల వ్యాజ్యమున నిర్ణయించెను. 1999లో హైదరాబాదునకు త్రాగునీరిచ్చు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల చేరువ ఒక కర్మాగారమును స్థాపింపబూనిన వ్యాజ్యమున, జస్టిస్ ఎం. జగన్నాధరావు ఆ సూత్రమును విపులముగ వ్యాఖ్యానించిరి. హాని లేదని నిరూపించు భారము మార్పు తేదలచిన వానిదే యనుట ఆ తీర్పున ప్రధానాంశము. దూరదేశమున పలికిన ఆశయము మన నీటికి రక్షణయైన విధమునకు ఇంతకన్న చక్కని పాఠము దొరకదు.

కావున తేలినది ఇది: విపణి విశ్వవిద్యాలయమును బలమైన త్రాటితో కట్టినది, పర్యావరణ ధర్మము సన్నని నూలుపోగుతో కట్టినది. ఆ నూలును పేనుట న్యాయస్థానముల వలన కొంత జరిగినది. మిగిలినది బోధకుల వంతు. పరీక్షకై కంఠస్థము చేయు నిర్వచనములకు మారుగా మన చెరువులను గూర్చిన తీర్పులను తెలుగున చదివించుట, సాంకేతిక పదములకు తెలుగున నిలుకడగల రూపములు కల్పించుట, తమ ప్రాంగణపు నీటి లెక్కను విద్యార్థులచేతనే కట్టించుట — ఈ మూడింటికిని ఏ ఒడంబడికయు అవసరము లేదు.